కార్ట్‌నర్, కార్ల్స్‌బాడ్, ఇంకా పేరు చెప్పని ఒక గుహ

పోయిన డిసెంబర్ సెలవులకి ఎటెళ్దాం అని ఇంట్లో పెద్ద చర్చ. మా ఆయన బీచ్ అన్నారు, మా చిన్నోడు గుహ అన్నాడు, వాడికి ఎనిమిదేళ్ళు, ఒకసారి పట్టుకున్నాడంటే వదలడు, వాణ్ణి చూసి వాళ్ళ చెల్లి కూడా గుహ గుహ అంటూ ఇల్లంతా తిరిగింది, దానికి ఐదేళ్ళు, గుహ అంటే ఏంటో కూడా తెలీదు. సరే అని అరిజోనాలో కార్ట్‌నర్ కావెర్న్స్, అక్కణ్ణుంచి కార్లో న్యూ మెక్సికోలో కార్ల్స్‌బాడ్ కావెర్న్స్, ఇలా ప్లాన్ వేసుకున్నాం. తర్వాత మార్చిలో నేనొక్కదాన్నే ఇంకో గుహకి వెళ్ళొచ్చా, లైట్లూ రెయిలింగులూ ఏమీ లేని గుహ. ఆ మూడింటి సంగతీ ఇది.

ముందు కార్ట్‌నర్. టూసాన్‌లో ఫ్లైట్ దిగి కారు రెంట్‌కి తీసుకుంటే గంటలోపే వచ్చేస్తుంది, బెన్సన్ అనే ఊరి దగ్గర, హైవే 90 మీద. టికెట్లు ముందే బుక్ చేసుకోండి, అక్కడికెళ్ళి చూసుకుందాం అనుకుంటే సెలవుల్లో దొరకవు. లోపల రెండు టూర్లు, ఒకటి రోటండా-థ్రోన్, రెండోది బిగ్ రూమ్. బిగ్ రూమ్ అక్టోబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకానే, ఎండాకాలం మొత్తం మూసేస్తారు ఎందుకంటే అప్పుడు గబ్బిలాలు పిల్లల్ని కనడానికి వస్తాయి, మనుషులుంటే వాటికి ఇబ్బంది అని. ఇంకోటి, ఏడేళ్ళలోపు పిల్లల్ని బిగ్ రూమ్‌లోకి రానివ్వరు. ఇది వెబ్‌సైట్‌లో స్పష్టంగానే ఉంది, మేమే చూసుకోలేదు, కౌంటర్ దగ్గర మా చిన్నది పెట్టిన రాగం ఇంకా నా చెవుల్లో ఉంది. చివరికి ఆయన దాన్ని తీసుకుని బయట ఉండిపోయారు, నేనూ చిన్నోడూ వెళ్ళాం. మర్నాడు రోటండాకి మాత్రం నలుగురం వెళ్ళాం.

లోపలికి ఫోన్ లేదు, కెమెరా లేదు, బ్యాగ్ లేదు. నాకు మొదట చిర్రెత్తుకొచ్చింది నిజం చెప్పాలంటే, ఇంత డబ్బు పెట్టి వచ్చి ఒక్క ఫోటో కూడా లేకుండానా అని. తలుపు దగ్గర మన మీద సన్నగా నీటి తుంపర పడుతుంది, బట్టల మీది పీచూ దుమ్మూ లోపల రాలకుండా. తర్వాత ఒకదాని వెనక ఒకటి పెద్ద స్టీల్ తలుపులు, ఒకటి మూసుకున్నాకే ఇంకోటి తెరుచుకుంటుంది. బయట ఎడారి, లోపల గాలిలో తేమ 99 శాతం, ఆ తేమ బయటికి పోతే గుహ ఎండిపోయి లోపలి సున్నపు ఆకారాలు పెరగడం ఆగిపోతుంది కాబట్టి ఈ ఏర్పాటంతా. అడుగు పెట్టగానే నా కళ్ళజోడు మసకబారిపోయింది, చలి ఉంటుందేమో అని స్వెటర్ వేసుకెళ్ళా, అనవసరం, లోపల 70 ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది, చెమటలు పట్టాయి.

చూడ్డానికి ఎలా ఉందంటే, తడిగా ఉంది. అంతకంటే మంచి మాట దొరకట్లేదు. ప్రతిదీ ఇప్పుడే ఎవరో కడిగి పెట్టినట్టు నిగనిగలాడుతోంది, ఎక్కడో చుక్క పడుతున్న చప్పుడు. పైకప్పు నుంచి సోడా స్ట్రాలు వేలాడుతుంటాయి, నిజంగానే స్ట్రాలాగే లోపల బోలు, నీటి చుక్క ఎంత లావుంటుందో అంతే లావు, చుక్క అంచున సున్నం కొంచెం కొంచెం పేరుకుంటూ కిందికి పెరుగుతుంది. రోటండా-థ్రోన్ వైపు ఒకటి 21 అడుగుల 2 అంగుళాలు ఉంది, ఊదితే పడిపోయేలా ఉంది. అదే టూర్ చివర్లో కుబ్లా ఖాన్ అని 58 అడుగుల స్తంభం, దానికి లైట్లూ మ్యూజిక్కూ పెట్టి షో వేస్తారు, అది నాకు కొంచెం ఓవర్ అనిపించింది, పిల్లలు మాత్రం నోరు తెరిచి చూశారు.

దీన్ని కనిపెట్టిన కథ మాత్రం అదిరింది. 1974లో రాండీ టఫ్ట్స్, గ్యారీ టెనెన్ అని ఇద్దరు కుర్రాళ్ళు, ఒక గుంటలో సన్నటి పగుల్లోంచి వెచ్చటి గాలి, గబ్బిలాల వాసన వస్తుంటే దూరి చూశారు. ఎవరైనా అయితే ఆ సాయంత్రమే ఊరంతా చాటేస్తారు కదా, వీళ్ళు నోరు కుట్టేసుకున్నారు, భూమి ఓనర్లకి చెప్పింది కూడా 1978లో, జనానికి తెలిసింది 1988లో, స్టేట్ ఆ భూమి కొనేటప్పుడు. టికెట్ కొని జనం లోపలికి వెళ్ళింది 1999లో. లోపల తిరిగినన్నాళ్ళూ ఇద్దరూ ఒకే దారిన, ఒకళ్ళ అడుగులో ఒకళ్ళు వేసుకుంటూ నడిచేవాళ్ళట, బురదలో ఆ సన్న బాట ఇప్పటికీ కనిపిస్తుంది. నాకు కుబ్లా ఖాన్ కంటే ఆ బాటే ఎక్కువ గుర్తుంది.

బిగ్ రూమ్‌లో ఒక మలుపు దగ్గర మావాడి మోచెయ్యి గోడకి రాసుకుంది. కావాలని కాదు, ఎవరికో దారివ్వబోయి. గైడ్ ఏమీ అనలేదు, అరవలేదు, జేబులోంచి చిన్న రంగు టేప్ ముక్క తీసి అక్కడ గుర్తు పెట్టింది, అంతే. రాత్రి టూర్లన్నీ అయ్యాక ఆ చోటు కడుగుతారట, మన చర్మం మీద నూనె ఉంటుంది కదా, అది అంటుకుంటే మరక పడుతుంది, నీళ్ళు సరిగ్గా పారక సున్నం పట్టడం మానేస్తుంది. తిట్టినా బాగుండేది, ఆ టేప్ చూసి వాడి మొహం మాడిపోయింది. "అమ్మా, అది నా కోసమేనా?" అని మూడుసార్లు అడిగాడు.

బస పార్క్‌లోనే, క్యాబిన్‌లో. మంచాలున్నాయి, హీటర్ ఉంది, బాత్రూమ్ మాత్రం బయట వేరే బిల్డింగ్, దుప్పట్లూ దిండ్లూ మనవే తెచ్చుకోవాలి. అర్ధరాత్రి చిన్నదాన్ని ఎత్తుకుని చలిలో బాత్రూమ్‌కి నడవడం ఒక శిక్ష, కానీ ఆ ఆకాశం, అన్ని చుక్కలు చూసి ఎన్నేళ్ళయిందో. పసిపిల్లలుంటే బెన్సన్‌లో హోటల్ చూసుకోండి, లేకపోతే క్యాబినే బెటర్.

అక్కణ్ణుంచి కార్ల్స్‌బాడ్ రోజంతా డ్రైవ్ అనుకోండి, ఎల్ పాసో దాటాక ఏమీ ఉండదు, ట్యాంక్ అక్కడే నింపుకోవాలి. పార్క్‌లో ఉండటానికి రూములు లేవు. గేటు ముందే వైట్స్ సిటీ అని పేరుకే సిటీ ఉంది, లేదంటే ఇంకో 20 మైళ్ళు పోయి కార్ల్స్‌బాడ్ ఊళ్ళో దిగాలి. ఊరంతా ఆయిల్ పనుల మీద వచ్చినవాళ్ళే, అందుకని మామూలు మోటెల్ రేటు కూడా గుండె గుభేలుమనేలా ఉంటుంది. మాకు దొరికిన మోటెల్ పేరెందుకులెండి, రెండు బెడ్లు అని బుక్ చేస్తే ఒకటే ఇచ్చారు, అడిగితే రోల్అవే, అంటే మడత మంచం, ఇస్తాం అన్నారు, అది రాలేదు, తెల్లవారుజామున నాలుగింటికే పార్కింగ్‌లో ట్రక్కులు స్టార్ట్ అయ్యాయి. ఇంకోసారి వెళ్తే వైట్స్ సిటీ వైపే చూస్తా.

గుహలోకి టైమ్ స్లాట్ రిజర్వేషన్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి, మనిషికి ఒక డాలర్, ఎంట్రన్స్ టికెట్ మళ్ళీ వేరు. అక్కడ రేంజర్ అడిగే మొదటి ప్రశ్న, మీరు వేసుకున్నవి ఏవైనా వేరే గుహలోకి వేసుకెళ్ళారా అని. బూట్లూ బట్టలూ మార్చుకొచ్చాం కానీ మా ఆయన జాకెట్ మాత్రం రోటండాకి వేసుకున్నదే, ఆ సంగతి గుర్తొచ్చి పాపం ఆయనే ఒప్పుకున్నారు. వైట్ నోస్ అని గబ్బిలాలకి వచ్చే జబ్బు, 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదట కనపడింది, ఒక ఫంగస్, చలికాలం నిద్రపోయే గబ్బిలాల్ని లక్షల్లో చంపేసింది, మన బట్టలకీ బూట్లకీ అంటుకుని ఒక గుహ నుంచి ఇంకో గుహకి ప్రయాణం చెయ్యగలదు. అందుకని జాకెట్ కార్లోకి పోయింది, లోపల 56 ఫారెన్‌హీట్, ఆయన మూడు గంటలు చేతులు కట్టుకుని వణుకుతూ తిరిగారు. రెండు గుహలు ఒకే ట్రిప్‌లో పెట్టుకునేవాళ్ళు రెండు జతలు సర్దుకోండి, జాకెట్‌తో సహా.

నాచురల్ ఎంట్రన్స్ నుంచి నడిచి దిగండి, లిఫ్ట్‌లో దిగకండి, పైకి రావడానికి లిఫ్ట్ ఎలాగూ ఉంది. 1.25 మైళ్ళు, 750 అడుగుల లోతుకి మెలికలు తిరుగుతూ దిగుతాం, మోకాళ్ళు మూలిగాయి కానీ వెలుతురు వెనకపడిపోతూ చీకటి మింగేస్తున్న ఆ అరగంట ఈ ట్రిప్‌లోకెల్లా బెస్ట్. కింద బిగ్ రూమ్ (ఇక్కడా అదే పేరు) చుట్టూ ఇంకో 1.25 మైళ్ళు, మన ఇష్టం వచ్చినంతసేపు తిరగొచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు, గైడ్ లేడు తొందర లేదు. సైజులో కార్ట్‌నర్ దీని ముందు ఆనదు. డిసెంబర్ కాబట్టి సాయంత్రం గబ్బిలాలు గుంపుగా లేచే సీన్ మాత్రం లేదు, చలికాలం అవి మెక్సికో వెళ్ళిపోతాయి.

కానీ కార్ట్‌నర్ చూసొచ్చిన కళ్ళతో చూస్తే ఇక్కడ వేరే విషయాలు కనపడతాయి. దారి పక్కన మొండిగా విరిగిపోయిన సున్నపు ఆకారాలు ఎన్నో, పాత రోజుల్లో జనం గుర్తుగా పట్టుకుపోయినవి. చేతికి అందే ఎత్తులో ఉన్నవి కొన్ని నల్లబడి నున్నగా అయిపోయాయి. ఇది 1930 నుంచి నేషనల్ పార్క్, అంతకు ముందు నుంచే జనం తిరుగుతున్నారు, అన్నేళ్ళ చేతులన్నమాట. ఒక చోట వంగి చూస్తే రాతి మీద బూడిద రంగులో బూజులాంటిది, సాలెగూడేమో అనుకున్నా, కాదు, పీచు. మన బట్టల పీచు, వెంట్రుకలు, రాలిన చర్మం. దాని కోసమే వాలంటీర్లు వచ్చి రోజుల తరబడి బ్రష్షులూ పట్టకార్లూ పట్టుకుని ఏరుతారట, లింట్ క్యాంప్ అంటారు. అప్పుడర్థమైంది కార్ట్‌నర్‌లో ఆ తుంపర ఎందుకో. 2024లో ఇదే బిగ్ రూమ్‌లో ఎవరో చీటోస్ ప్యాకెట్ పడేసి పోతే, తేమకి అది మెత్తబడి బూజు పట్టి, దానికోసం గుహ మిడతలూ పురుగులూ చేరి, బూజు చుట్టుపక్కల రాళ్ళకి కూడా పాకింది, రేంజర్లు ఇరవై నిమిషాలు కూర్చుని తుడిచారు. లోపల మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు అని బోర్డు ఉన్నా మా ముందే ఒకాయన చూయింగ్ గమ్ నములుతున్నాడు. మావాడు మాత్రం ఆ మైలుంపావూ రెండు చేతులూ జేబుల్లోంచి తియ్యలేదు.

రెండిట్లో ఒకటే చూడాలంటే? పిల్లలు చిన్నవాళ్ళయితే, నడక ఇష్టమైతే కార్ల్స్‌బాడ్. గుహ బతికుంటే ఎలా ఉంటుందో చూడాలంటే కార్ట్‌నర్, ఫోన్ లేకపోతేనేం. ఫోటో లేదు కాబట్టే ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూశానని తర్వాత అనిపించింది.

ఇక మూడోది. తిరిగొచ్చాక నాకు గుహ పిచ్చి పట్టుకుంది. ఇక్కడ కేవింగ్, అంటే గుహల్లో దూరి తిరగడం, చేసేవాళ్ళ లోకల్ క్లబ్బుల్ని గ్రాటో అంటారు, మీటింగులకి కొత్తవాళ్ళని రానిస్తారు, రెండు నెలలు వెళ్ళాక ఒక ట్రిప్‌కి పిలిచారు. గుహ పేరు, ఎక్కడుందో చెప్పను, నిజంగానే చెప్పకూడదు, ఫెడరల్ భూమిలో ముఖ్యమైన గుహల అడ్రస్ బయటపెట్టకుండా 1988లో చట్టమే తెచ్చారు, దాని కిందకి రాని గుహల్ని కూడా కేవర్లు గుట్టుగానే ఉంచుతారు. హెల్మెట్, మూడు వేర్వేరు లైట్లు, మోకాలి ప్యాడ్లు, గ్లవ్స్, ఇవన్నీ ఉండాల్సిందే, హెల్మెట్ క్లబ్‌వాళ్ళు ఇచ్చారు. తిండి జిప్‌లాక్ కవర్ మీదే తినాలి, ఒక్క పలుకు రాలకూడదు. ఒంటేలుకి కూడా సీసానే, మోసుకుని బయటికి తేవాలి, ఆడవాళ్ళం ముందే ఇంట్లో ప్రాక్టీస్ చెయ్యడం మంచిది, నవ్వకండి.

లీడర్ డెబ్బైకి దగ్గర్లో ఉన్న ఆవిడ, నాకంటే స్పీడుగా పాకుతుంది. లోపల నేల మీద రెండు వరసల టేప్ కట్టి ఉంటుంది, ఆ మధ్యలోనే నడవాలి, పక్కన ఎంత ఖాళీ ఉన్నా సరే. ఒక చోట తెల్లటి ఫ్లోస్టోన్, అంటే నీళ్ళు పారిన చోట పొరలుగా పేరుకున్న సున్నం, వచ్చింది, పాలు ఒలికి గడ్డకట్టినట్టు, దాని ముందు అందరం బురద బూట్లు విప్పేసి సంచిలో తెచ్చుకున్న శుభ్రమైన చెప్పులు వేసుకుని దాటాం. గుళ్ళోకి వెళ్తున్నట్టే ఉంది అనుకున్నా.

దాటాక సీలింగ్ బాగా కిందికి దిగింది, బొర్లా పడుకుని పాకాలి. నా తలకి దగ్గరగా ఏమున్నాయో వెనకున్న అబ్బాయి చూసి చెప్తున్నాడు, "ఎడమ పక్క జాగ్రత్త" అన్నాడు. నేను "ఏంటి?" అని తల తిప్పా. టింగ్ అంది. సన్నగా, గాజు గాజుకి తగిలినట్టు. అంతే.

చిటికెన వేలంత స్ట్రా, అయిదు సెంటీమీటర్లు ఉంటుందేమో. ఏడాదికి మిల్లీమీటర్‌లో పదో వంతు పెరిగిందనుకున్నా అయిదు వందల ఏళ్ళు, కృష్ణదేవరాయలు గద్దె మీదున్నప్పుడు మొదలైన చుక్క నా హెల్మెట్ అంచుకి తగిలి పోయింది. లీడర్ వెనక్కి పాక్కుంటూ వచ్చి లైట్ వేసి చూసింది, ఆ ముక్కని అది పడ్డ చోటే ఉంచెయ్యమంది, నోట్‌బుక్ తీసి ఏదో రాసుకుంది. తర్వాత రెండు గంటలూ నేను నోరెత్తలేదు.

ఇంటికొచ్చాక బట్టలూ గేరూ వేడినీళ్ళలో ముంచాలి, 55 డిగ్రీల సెల్సియస్‌లో కనీసం అయిదు నిమిషాలు, ఆ ఫంగస్ చావడానికి. టబ్బు పక్కన కూర్చుని థర్మామీటర్ పట్టుకుని చూస్తుంటే మావాడు వచ్చి పక్కన చతికిలబడ్డాడు, ఎలా ఉందమ్మా అని. దాచకుండా చెప్పేశా. వాడు కాసేపు నీళ్ళలో తేలుతున్న గ్లవ్స్‌నే చూస్తూ ఉండి అడిగాడు, "మరి నీకు టేప్ పెట్టారా?"

"లేదు నాన్నా, అక్కడ కడగడానికి ఏం మిగల్లేదు" అన్నా. నీళ్ళు 52కి దిగాయి, లేచి ఇంకో గిన్నె కాచుకొచ్చా.