బొగత, గోదావరి ఇసుక: పిల్లలతో వెళ్తే దసరా దాటాకే

బొగత జలపాతం వీడియోలు చాలావరకు జులై, ఆగస్టుల్లో తీసినవే. ఎర్రటి నీళ్లు, చెవులు హోరెత్తే చప్పుడు, గాల్లో తుంపర. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనలేం. కానీ ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లి, పిల్లల్ని కాసేపు నీళ్లలో ఆడించి, తిరుగుదారిలో గోదావరి ఇసుకలో కూర్చుని రావాలంటే మాత్రం ఆ రెండు నెలలూ పనికిరావు. వాగు ఉధృతంగా ఉన్నప్పుడు నీళ్లలోకి దిగనివ్వరు. గోదావరిలో ఇసుక ఉన్న చోటల్లా వరదే పారుతుంటుంది. వానలు తగ్గాక, అంటే అక్టోబరు రెండో వారం నుంచి డిసెంబరు దాకా వెళ్తే ధార ఉంటుంది, నీళ్లు తేటపడతాయి, ఇసుకా బయటపడుతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి ధార సన్నబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అంత దూరం వెళ్లడం డీజిల్ దండగ.

జలపాతం ములుగు జిల్లా వాజేడు మండలం చీకుపల్లి దగ్గర ఉంది. వరంగల్ నుంచి సుమారు 140 కిలోమీటర్లు, భద్రాచలం నుంచి 120. ఏటూరునాగారం దాటాక ముళ్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన వచ్చాక హైదరాబాద్ వైపు వాళ్లకు వంద కిలోమీటర్లకు పైగా కలిసొచ్చింది. అంతకుముందు భద్రాచలం మీదుగా చుట్టి రావాల్సి వచ్చేది. అయినా హైదరాబాద్ నుంచి ఒకే రోజులో వెళ్లి రావడం పెద్దవాళ్లకు సరే గానీ చిన్నపిల్లలతో వద్దు. పోను ఆరు గంటలు, రాను ఆరు గంటలు కారులోనే గడిస్తే వాళ్లకు నీళ్ల దగ్గర ఆడుకునే ఓపిక మిగలదు. ముందురోజు హనుమకొండలోనో, లక్నవరం, తాడ్వాయిల్లోని హరిత వసతుల్లోనో బస చేసి పొద్దున్నే బయల్దేరడం మేలు. శని, ఆదివారాల్లో గదులు ముందే నిండిపోతాయి కాబట్టి దారిలో చూసుకుందామనే ధీమా పెట్టుకోవద్దు.

సొంత బండి లేనివాళ్లు హనుమకొండ నుంచి ఆర్టీసీ బస్సులో ఏటూరునాగారం చేరి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. రానూపోనూ, మధ్యలో ఆగే సమయంతో కలిపి ముందే రేటు తేల్చుకోండి. ఒకవైపుకే మాట్లాడుకుని దిగితే సాయంత్రం తిరుగు బండి కోసం రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది.

ఇక చోటు సంగతి. ప్రవేశ టికెట్, పార్కింగ్ అంతా అటవీశాఖ చేతుల్లోనే ఉంటుంది. నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి. ఈ ప్రాంతంలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకుని యూపీఐ మీద ఆధారపడితే క్యూలో వెనకవాళ్లతో మాటపడాల్సి వస్తుంది. పార్కింగ్ నుంచి జలపాతం దాకా నడక కొద్దిదూరమే. అయిదేళ్ల పిల్లలు ఎత్తుకోమని మారాం చేయకుండా నడిచేస్తారు. మెట్లు ఉంటాయి కాబట్టి చక్రాల బండిలో పిల్లల్ని తోసుకెళ్దామంటే కుదరదు. చంటిపిల్లలైతే ఛాతీకి కట్టుకునే క్యారియర్ మంచిది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కిందిదాకా దిగనక్కర్లేదు. జలపాతం పైనుంచే నిండుగా కనిపిస్తుంది. వాళ్లను నీడలో కూర్చోబెట్టి సామాన్ల కాపలా అప్పగిస్తే అందరికీ సుఖం. కోతులున్న చోట అరటిపండ్ల సంచి ఒంటరిగా వదలకూడదు.

ఎత్తు మీద ఆశలు పెట్టుకుని వెళ్తే మాత్రం నిరాశే. బొగత దూకేది ముప్పై అడుగుల నుంచి. కుంటాల లాంటి వాటితో పోల్చేది కాదు. దీని అందం వెడల్పులో ఉంది. పొరలు పొరలుగా పేర్చినట్టున్న నల్లరాతి అంచు మీంచి వాగు ఒక్క ధారగా పడకుండా పక్కపక్కనే చాలా పాయలుగా విడిపోయి పడుతుంది. జులైలో ఆ పాయలన్నీ కలిసిపోయి ఒకే ఎర్రటి తెరలా ఉంటాయి. నవంబరులో వెళ్తే ఒక్కో పాయ విడివిడిగా కనిపిస్తుంది, మధ్యలో తడిరాయి మెరుస్తుంది. ఫొటోలకైనా, కళ్లకైనా రెండోదే బాగుంటుందని నా ఓటు. తెలంగాణ నయాగరా అనే పేరు వెడల్పును చూసి పెట్టిందే. ఆ పేరు విని నిజం నయాగరాను ఊహించుకుని రావద్దు.

ఇక్కడ ప్రమాదం ఎక్కడుందో పిల్లల తల్లిదండ్రులకు ముందే తెలిసుండాలి. మొదటిది ధార పడే చోట ఉన్న మడుగు. పైనుంచి పడే నీరు అడుగును తొలుస్తూ ఉంటుంది కాబట్టి అక్కడ లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. పైగా తెల్లగా నురగ కక్కే నీళ్లలో గాలి బుడగలు ఎక్కువ. ఆ నీరు మనిషిని తేల్చదు, ఈత వచ్చినవాళ్లూ మునుగుతారు. కిందికి దూకిన నీరు అడుగున తిరగబడి మనిషిని మళ్లీ ధార కిందికే లాగుతుంది. అందుకే కంచె, గొలుసు, తాడు ఏది కట్టి ఉంటే దానికి ఇవతలే ఉండాలి. అవతల నాలుగడుగులే కదా అని వెళ్లిన కుర్రాళ్లు అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలున్నాయి.

రెండోది రాయి. నీళ్లలో మునిగి ఉన్న రాయి కంటే, తుంపర పడి ఆరీఆరనట్టున్న రాయి ఎక్కువ మోసం చేస్తుంది. నల్లగా నున్నగా కనిపిస్తే దాని మీద పాచి ఉన్నట్టే. హవాయి చెప్పులు ఇక్కడ పూర్తిగా దండగ. తడిస్తే కాలు చెప్పులోనే జారుతుంది, చెప్పు రాయి మీద జారుతుంది. మడమ వెనక పట్టీ ఉండి, అడుగున లోతైన గాట్లున్న రబ్బరు శాండిల్ కావాలి. క్రాక్స్ లాంటివాటిలో వెనక పట్టీ దించి వేసుకుంటే కొంత నయం, అరిగినవైతే వద్దు. చీర, చున్నీ, జీన్స్ ప్యాంటుతో నీళ్లలోకి దిగకూడదు. తడిసిన జీన్స్ బరువెక్కి అడుగు తీసి అడుగు వేయనివ్వదు, చున్నీ కాళ్లకు చుట్టుకుంటుంది. పల్చటి టీషర్టు, మోకాళ్ల దాకా ఉండే సింథటిక్ నిక్కరు ఉంటే చాలు. మనిషికి ఇంకో జత పొడిబట్టలు, ఒక తువ్వాలు, తడిబట్టలకు ప్లాస్టిక్ కాకుండా జిప్పున్న మందపాటి సంచి. ఆదివారం మధ్యాహ్నం బట్టలు మార్చుకోవడానికి వరసలో నిలబడాల్సి రావచ్చు కాబట్టి ఒక పాత లుంగీ చుట్టుగా పట్టుకుంటే పిల్లల పని అయిపోతుంది.

మూడోది చాలామంది పట్టించుకోనిది. ఈ వాగు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టల్లోంచి వస్తుంది. మన నెత్తి మీద ఎండ కాస్తున్నా పైన గుట్టల్లో వాన పడితే నీరు పెరుగుతుంది. తేటనీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరగడం, ఎండుటాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకురావడం, హోరు పెరగడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా పిల్లల్ని చంకనేసుకుని పైకి వచ్చేయాలి. చెప్పులు, ఫోన్లు, టిఫిన్ డబ్బా కోసం వెనక్కి వెళ్లొద్దు. సిబ్బంది ఈల వేస్తే అయిదు నిమిషాలు బతిమాలే అలవాటు మనవాళ్లకు ఉంది. ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి.

పిల్లలకు గాలి నింపే ట్యూబులు, చేతులకు తొడిగే బుడగలు కొనకండి. నిలకడ నీళ్లలో అవి బొమ్మలు, పారే నీళ్లలో పిల్లాడిని తేల్చుకుంటూ లోతుకు తీసుకుపోయే బండ్లు. కావాలంటే కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్న లైఫ్ జాకెట్ బరువుకు తగ్గ సైజులో ఇంటి నుంచి తెచ్చుకోండి. ఆ పట్టీ లేకపోతే నీళ్లలో జాకెట్ తల మీదికి జారిపోతుంది. లోతు పిల్లాడి మోకాలు దాటకూడదు, పెద్దవాళ్లు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. ఇద్దరు పిల్లలకు ఒక్క మనిషి కాపలా సరిపోదు.

పొద్దున తొమ్మిదికల్లా అక్కడుంటే పదకొండున్నర దాకా హాయిగా గడుస్తుంది. ఆ తర్వాత జనం పెరుగుతారు. తిండి దగ్గర పెద్దగా ఆశించొద్దు. రద్దీ రోజుల్లో చిరుతిళ్లు, టీ దొరుకుతాయి. పూర్తి భోజనం కావాలంటే ఏటూరునాగారం రావాల్సిందే. పులిహోర, చపాతీలు, పెరుగన్నం కట్టుకెళ్లడం అన్నిటికంటే తేలిక. మనిషికి రెండు లీటర్ల చొప్పున నీళ్లు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దోమల క్రీము. ఇది మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతం, సాయంత్రం పొడుగు చేతుల చొక్కాలు వేయడం చాదస్తం అనుకోవద్దు.

మధ్యాహ్నం తిరుగుదారిలో గోదావరి. ముళ్లకట్ట వంతెన మీద బండి ఆపకండి, జాతీయ రహదారి మీద లారీలు వేగంగా వస్తాయి. వంతెన దాటి ఏటూరునాగారం వైపు వచ్చి, రామన్నగూడెం పుష్కర ఘాట్ దగ్గర దిగడం కుటుంబాలకు అనువు. మెట్లున్నాయి, బండి దగ్గరిదాకా వెళ్తుంది. వానాకాలంలో వరద మట్టం వార్తల్లో వినిపించే ఘాట్ ఇదే. నవంబరు, డిసెంబరుల్లో నది వెనక్కి తగ్గి ఇసుక పరుచుకుంటుంది. నాలుగు గంటలకు ఎండ మెత్తబడ్డాక పిల్లలకు ఒక బకెట్టు, ఒక పాత గరిటె ఇచ్చి వదిలేస్తే గంటన్నర మీ జోలికి రారు. నిజానికి ఈ ప్రయాణం మొత్తంలో పిల్లలకు ఎక్కువ నచ్చేది జలపాతం కాదు, ఈ ఇసుకే.

అయితే గోదావరి ఇసుకకూ దాని తీరు దానికుంది. నీటి అంచున ఇసుక గోడలా నిలువుగా తెగి ఉంటే దాని కింద ప్రవాహం కోస్తున్నట్టు లెక్క. మనిషి నిలబడితే చాలు, విరిగి పడుతుంది. అక్కడికి రెండు మీటర్ల ఇవతలే ఉండాలి. అంచు ఏటవాలుగా నీళ్లలోకి జారుతున్న చోటే కాళ్లు తడుపుకోవడానికి కాస్త నయం. ఇసుక తవ్విన గుంతలు ఇంకో ప్రమాదం. నీళ్లు చేరాక పైకి ఏమీ కనపడదు, మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో నిలువు లోతుకు పోతారు. లారీలు, ట్రాక్టర్లు తిరిగిన చాళ్లు కనిపిస్తే ఆ రేవులో దిగొద్దు. ఎగువన తుపాకులగూడెం దగ్గర సమ్మక్క సాగర్ బ్యారేజీ ఉంది. గేట్లు ఎత్తితే దిగువన మట్టం పెరుగుతుంది కాబట్టి నది మధ్యలో తేలిన తిన్నెల మీదికి పాయ దాటి వెళ్లడం మంచిది కాదు. ఇక్కడ స్నానం, ఈత వద్దు. ఇసుకలో ఆట, ఒడ్డున చెంబుతో నాలుగు నీళ్లు, అంతవరకే.

బొగతకు వచ్చినవాళ్లను ముత్యంధార జలపాతం కూడా చూసి పొమ్మని ఎవరో ఒకరు ఊరిస్తారు. వెంకటాపురం మండలం వీరభద్రవరం నుంచి అడవిలో నడిచి, దారిలో వాగులు దాటి వెళ్లాల్సిన చోటు అది. 2023 జులైలో అక్కడికి వెళ్లిన పదుల సంఖ్యలో సందర్శకులు వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోతే ఎన్‌డీఆర్‌ఎఫ్ వెళ్లి బయటికి తేవాల్సి వచ్చింది. పిల్లలతో దాని జోలికే వెళ్లకండి. సమయం మిగిలితే రామప్ప గుడి చూడండి. అది ఉన్న పాలంపేట ములుగుకు దగ్గరే, 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. లక్నవరం వేలాడే వంతెన కూడా దారి నుంచి పెద్దగా పక్కకు తిరగక్కర్లేని చోటే. కానీ బొగత, రామప్ప, లక్నవరం మూడూ ఒకే రోజున ఇరికించాలని చూస్తే ఒక్కటీ సరిగా చూడరు.

తాడ్వాయి అడవిలో కొంతమేర చెట్లు కుప్పకూలిన ఖాళీ చూసి పిల్లలు అడిగితే చెప్పండి: 2024 ఆగస్టు 31న వీచిన గాలికి అక్కడ వేల చెట్లు ఒక్క పూటలో నేలకొరిగాయి.

మేడారం జాతర ఏడాదైతే జనవరి, ఫిబ్రవరి ప్రయాణాలు జాతర తేదీలు చూసుకుని పెట్టుకోండి. పస్రా, తాడ్వాయి రోడ్డు మీద గంటల కొద్దీ బండ్లు కదలవు. వానాకాలంలో భద్రాచలం, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చేవాళ్లు గోదావరి మట్టం కనుక్కుని బయల్దేరాలి, పెద్ద వరదొస్తే టేకులగూడెం దగ్గర జాతీయ రహదారి మీదికే నీళ్లొస్తాయి. ఏ కాలమైనా పెట్రోలు ఏటూరునాగారంలోనే నింపుకోండి. అయిదున్నరకల్లా గోదావరి ఒడ్డు నుంచి లేవండి. తాడ్వాయి అడవి రోడ్డు మీద చీకటి పడ్డాక పశువులు పడుకుని ఉంటాయి, ఎదురు లారీ లైట్లలో అవి ఆఖరి క్షణం దాకా కనిపించవు.