బెల్లం ముక్కలో పెన్ డ్రైవ్: రెండున్నరేళ్ల తర్వాత

మాది అనకాపల్లి. పెన్ డ్రైవ్‌కి తొడుగు ఏ ఆకారంలో చెయ్యాలా అని పెద్దగా ఆలోచించలేదు. వంటింట్లోకి వెళ్లి ఓ బెల్లం ముక్క తెచ్చుకున్నాను.

అచ్చు తీయడం తేలికే. ముక్కకి రెండు పూతలు వార్నిష్ స్ప్రే కొట్టి, ప్లాస్టిక్ డబ్బా అడుగున అంటించి, టిన్ క్యూర్ సిలికాన్ (పోశాక గట్టిపడి రబ్బరు అచ్చయ్యే ద్రవం) పోశాను. ఇందులోనే ప్లాటినం రకం ఇంకోటి ఉంది, దాని జోలికి పోలేదు. దానికి గంధకం ఉన్న బంకమట్టి తగిలినా, లేటెక్స్ గ్లవ్స్ తగిలినా గట్టిపడకుండా మొరాయిస్తుంది. మర్నాడు రబ్బరు ఊడదీస్తే, బెల్లం పగలగొట్టినప్పుడు కనిపించే గరుకూ చిన్న చిన్న గుంటలూ మొత్తం అచ్చులో దిగాయి.

తిప్పలన్నీ అచ్చులో పోసే ఎపాక్సీతోనే. రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టి ప్లాస్టిక్‌లా అయ్యేదే ఎపాక్సీ. నేను కొన్న రకానికి రెజిన్ రెండు పాళ్లు, హార్డెనర్ ఒక పాలు, అదీ బరువు లెక్కన. మొదటిసారి కంటి అంచనాతో కలిపాను. మూడు రోజులైనా తీగపాకం దగ్గరే ఆగిపోయింది. బంగారం తూచే బుల్లి కాటా కొన్నాక రెండోది రాయిలా వచ్చింది. కానీ ఎపాక్సీ సందుల్లోంచి పాకి యూఎస్‌బీ మూతిలోకి ఎక్కింది. ఆ పెన్ డ్రైవ్ పోయినట్టే.

మూడోసారి మూతి చుట్టూ గ్లూ గన్‌తో కట్ట వేశాను. మూతి పైకి ఉండేలా ఐస్‌క్రీం పుల్లకి వేలాడదీసి, రంగు రెండు చుక్కలు కలిపి సగమే పోశాను. అది జెల్లీలా అయ్యాక మిగతా సగం. ఒకేసారి ఎక్కువ పోస్తే ఎపాక్సీ తనంతట తనే వేడెక్కుతుంది, లోపలున్నది చిప్ కదా. వానాకాలం కావడంతో పైన జిడ్డు పొర కట్టింది. గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగితే పోయింది. ఇంత పనిలోనూ నైట్రిల్ గ్లవ్స్ తియ్యకండి. హార్డెనర్ ఒంటికి తగులుతూ ఉంటే ఎలర్జీ పట్టుకుంటుంది, ఓసారి పట్టుకుంటే వదలదు.

ఇక వాడకం. ముక్క 35 గ్రాములు తూగింది. లాప్‌టాప్‌కి నేరుగా గుచ్చితే పక్క పోర్టు మూసుకుపోతుంది, ఉన్న పోర్టు మీద బరువు వేలాడుతుంది. రెండో వారానికే ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొన్నాను. చిన్న ముక్క ఎంచుకోవాల్సింది. పెద్ద ఫైళ్లు కాపీ చేస్తే బాగా వేడెక్కుతుంది. ఎపాక్సీ వేడిని బయటికి పోనివ్వదు మరి. సినిమాలు కాపీ చేసేవాళ్లకి ఇది పనికిరాదు. నేను దాచుకునేది డాక్యుమెంట్లే.

కిందటి మే నెలలో తాళాలతో పాటు దీన్ని సంచీలో వేసి కారులో మర్చిపోయాను. సాయంత్రం తీసి చూస్తే ఒక అంచున తాళంచెవి పళ్ల గుర్తు అచ్చుగుద్దినట్టు పడి ఉంది. ఇంట్లో పోసుకునే ఎపాక్సీ ఆ ఎండకి మెత్తబడుతుందని అప్పుడు తెలిసింది. డేటాకి ఏమీ కాలేదు. ఓసారి టీలో పడితే తుడుచుకుని, మూతి ఆరబెట్టి వాడుకున్నాను.

ఎపాక్సీ ఎండకి పసుపెక్కుతుందని అందరూ తిడతారు. నా బల్ల కిటికీ పక్కనే. ఇన్నాళ్లకి కిటికీ వైపు ముదిరి, గోడ వైపు లేతగా, అసలు బెల్లానికి ఉండే ఎగుడుదిగుడు రంగు తనే తెచ్చుకుంది. నేను కలిపిన రంగుతో అది రాలేదు.

ఖర్చు చెబితే నవ్వుతారు. పెన్ డ్రైవ్‌లు రెండూ ఎనిమిది వందలు, మిగతా సరంజామా రెండున్నర వేలు పైనే. చిప్ పోతే పగలగొట్టడమే, విప్పడం కుదరదు. అందుకే ఇందులో ఉన్నవన్నీ ఇంకోచోట కూడా పెట్టుకున్నాను.

అమ్మ మాత్రం ఇప్పటికీ గదిలోకి వచ్చినప్పుడల్లా, "ఒరేయ్, బల్ల మీద బెల్లం పెట్టకురా, చీమలు పడతాయి" అంటుంది. ఒకటి రెండు చీమలు నిజంగానే వచ్చి, చుట్టూ తిరిగి వెళ్లిపోయాయి.