600 ఎంఎం పీపీ-ఎఫ్ఆర్‌పీ స్క్రబ్బర్: టవర్ బాగుంది, ట్యాంకే చిన్నది

బల్క్ డ్రగ్ యూనిట్లలో థయోనిల్ క్లోరైడ్ రియాక్టర్ పక్కన తరచూ పెట్టే ప్యాకేజీ ఇది, బయటికొచ్చే ఆసిడ్ వాయువులను కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్) ద్రావణంతో కడిగి పట్టేది. లోపల పాలీప్రొపిలీన్, పైన ఎఫ్ఆర్‌పీ (ఫైబర్ గ్లాస్ ప్లాస్టిక్) చుట్టు, గ్యాస్, ద్రావణం బాగా కలవడానికి రెండు మీటర్ల ఎత్తున రింగుల ప్యాకింగ్, కింద 1,000 లీటర్ల కాస్టిక్ ట్యాంకు, గంటకు 1,000 ఘనపు మీటర్ల బ్లోవర్. తయారీదారు మారినా కొటేషన్ కొద్ది తేడాతో ఇలాగే ఉంటుంది.

టవర్‌కు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ బ్లోవర్‌తో లోపల గాలి వేగం సెకనుకు ఒక మీటరు వస్తుంది, అది సరిపోతుంది. ప్యాకింగ్‌కి వాడే పాల్ రింగులు 38 ఎంఎంవి అడగండి. 25వి వేస్తే ఉప్పు పట్టి తొందరగా పూడుకుపోతాయి. బ్లోవర్ మాత్రం టవర్ తర్వాతే ఉండాలి. అప్పుడు డక్ట్‌కి చిల్లు పడ్డా బయటి గాలి లోపలికి పోతుందే తప్ప, ఆసిడ్ పొగ మనుషుల మీదికి రాదు.

అసలు పేచీ ట్యాంకు దగ్గర. బ్రోచర్‌లో గ్యాస్ పట్టే శాతాలు ఘనంగా ఉంటాయి, ఎంత సరుకు వరకో ఉండదు. 119 కిలోల థయోనిల్ క్లోరైడ్ కార్బాక్సిలిక్ ఆసిడ్‌తో పూర్తిగా కలిస్తే 64 కిలోల సల్ఫర్ డయాక్సైడ్, 36.5 కిలోల హెచ్‌సీఎల్ (హైడ్రోజన్ క్లోరైడ్) వస్తాయి. వాటిని పట్టడానికి మొదటిదానికి 80, రెండోదానికి 40 కలిపి 120 కిలోల కాస్టిక్ కావాలి, అంటే థయోనిల్ క్లోరైడ్ కిలోకి కాస్టిక్ కిలో. 10 శాతం ద్రావణం 1,000 లీటర్లలో ఉండేది 110 కిలోలే. రియాక్షన్‌లో వాడుకోని థయోనిల్ క్లోరైడ్ ఆవిరిగా వచ్చి చేరితే ఖర్చు ఇంకా ఎక్కువ, 119 కిలోలకు 160. కాబట్టి 200 కిలోల బ్యాచ్‌కి ఈ ట్యాంకు సగం దారిలోనే చేతులెత్తేస్తుంది. 20 శాతానికి పెంచుదామా అంటే సల్ఫైట్, ఉప్పు పలుకులు కట్టి నాజిల్‌కి అడ్డం పడతాయి. రెండో ట్యాంకు, మార్చుకునే వాల్వులు ఆర్డర్‌లోనే రాయించుకోండి.

వేడి సంగతి కొటేషన్‌లో అసలు కనపడదు. గంటకు 20 కిలోల హెచ్‌సీఎల్ పట్టినా ట్యాంకు గంటకు 15 డిగ్రీల దాకా ఎక్కుతుంది. ఎండాకాలం 38 దగ్గర మొదలైతే రెండు గంటల్లో 70కి చేరువవుతుంది. పాలీప్రొపిలీన్ మెత్తబడి ఫ్లాంజిలు కారడం మొదలయ్యేది అక్కడే. రీసర్క్యులేషన్ లైన్‌లో కూలర్ లేని ప్యాకేజీని పెద్ద బ్యాచ్‌లకు తీసుకోవద్దు.

దాంతోపాటు ఇచ్చే పీహెచ్ మీటర్‌ని చూసి మురిసిపోకండి. ఒక శాతం కాస్టిక్ మిగిలినా అది 13 పైనే చూపిస్తుంది, తర్వాత ఒక్కసారిగా జారుతుంది. 7 కిందికి పోయేసరికి ట్యాంకులో ఉన్నది చాలావరకు బైసల్ఫైటే, ఇక పట్టేది లేక సల్ఫర్ డయాక్సైడ్ చిమ్నీ దారి పడుతుంది. గ్యాస్ వచ్చే సమయంలో గంటకోసారి శాంపిల్ తీసి టైట్రేషన్ చేసి, మిగిలిన కాస్టిక్ ఎంతో చూడడమే నమ్మకం. ఒకటిన్నర శాతానికి దిగగానే ట్యాంకు మార్చేయాలి.

ప్యాకింగ్ బెడ్‌కి అటూ ఇటూ ప్రెషర్ తేడా చూపే యూ-ట్యూబ్ మానోమీటర్ పెట్టించండి, వందల రూపాయల పని. మొదటి రోజు రీడింగ్ రాసిపెట్టుకుని, అదే గాలికి అది రెట్టింపైతే ప్యాకింగ్ పూడుతోందని అర్థం. వేడి నీళ్లతో కడగాలి. అలా కాకుండా పంపు ప్రెషర్ పెరిగి ఆంపియర్లు తగ్గితే తప్పు నాజిల్‌ది.

అన్ని వెంట్‌లకూ ఇదొక్కటే చాలని చెప్పి అమ్ముతారు, ఆ మాట నమ్మొద్దు. డైక్లోరోమీథేన్ అనే సాల్వెంట్ ఆవిరి ఇందులో ఆగదు, దానికి ముందే చల్లటి బ్రైన్ (ఉప్పునీటి) కండెన్సర్ ఉండాలి. అమ్మోనియా వెంట్‌ని ఇదే హెడర్‌కి (వెంట్‌లు కలిసే ప్రధాన గొట్టానికి) కలిపితే తెల్లటి అమ్మోనియం క్లోరైడ్ పొగ పుడుతుంది. అది చాలా సన్నటి ధూళి, ప్యాకింగ్‌నీ, తుంపరలు ఆపే డెమిస్టర్‌నీ దాటి పోతుంది.

మా రేటింగ్ ఐదుకి మూడున్నర. రెండు ట్యాంకులు, కూలర్ ఉన్న మోడల్‌కైతే నాలుగున్నర. వాడేసిన ద్రావణాన్ని ఈటీపీలో (మురుగు నీటి శుద్ధి ప్లాంటులో) ఆసిడ్ నీళ్లు వచ్చే కాలువలోకి వదలకండి, పట్టిన సల్ఫర్ డయాక్సైడ్ అంతా అక్కడ మళ్లీ పైకి లేస్తుంది.