16 మీటర్ల కంటే ఇరుకు సందు లేని ఊరు: సిటీస్ స్కైలైన్స్‌తో ఏడేళ్లు

2017లో ఈ కంప్యూటర్ ఆటని డిస్కౌంట్ చూసి కొన్నాను. ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ కొట్టు లెక్క ప్రకారం ఇప్పటికి 1,100 గంటలు దాటాయి. ఈ అంకె మా ఆవిడ కంటపడకుండా ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. ఫిన్లాండ్‌లో టాంపెరె అనే ఊళ్లో ఉన్న కొలోసల్ ఆర్డర్ అనే చిన్న స్టూడియో చేసిన ఆట, 2015 మార్చిలో వచ్చింది. ఖాళీ నేల, పక్కనే ఒక హైవే, చేతిలో కాసిని డబ్బులు. మనం రోడ్డు వేస్తే దాని పక్కన గళ్లు పడతాయి. గళ్లకి ఆకుపచ్చ పూస్తే ఇళ్లు, నీలం పూస్తే షాపులు, పసుపు పూస్తే ఫ్యాక్టరీలు. కరెంటు, నీళ్లు, చెత్త బళ్లు, బడి, శ్మశానం మన బాధ్యత. మిగతాది జనమే కట్టుకుంటారు.

నిజానికి ఇది ట్రాఫిక్ ఆట. ఊరు అందులో సాకు. ఏ కారు మీద నొక్కినా అది ఎవరిదో, ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో చూపిస్తుంది. మొదటి ఊళ్లో ఫ్యాక్టరీలన్నిటికీ హైవే నుంచి ఒకటే దారి ఇచ్చాను. లారీల వరస మైళ్ల కొద్దీ నిలిచింది. మూడు లేన్లుంటే రెండు ఖాళీ, బళ్లన్నీ ఒకే లేన్లో! కారణం తర్వాత తెలిసింది. ప్రతి బండీ బయల్దేరేటప్పుడే దారి ఖాయం చేసుకుంటుంది, మధ్యలో జామ్ చూసి మనసు మార్చుకోదు. ఎడమకి తిరగాలంటే రెండు సిగ్నళ్ల ముందు నుంచే ఎడమ లేన్లో నిలబడుతుంది. మన డ్రైవర్లయితే ఆ ఖాళీ లేన్లని బతకనిస్తారా! రోడ్డు వెడల్పు చేస్తే జామ్ పోదనీ, రెండో దారి ఇస్తే పోతుందనీ నాకు అర్థమైంది మాత్రం ఇక్కడే.

అన్నట్టు, మరీ ఎక్కువసేపు ఇరుక్కున్న బండిని ఆట గుట్టుగా మాయం చేసేస్తుంది. పార్కింగూ అంతే. చోటు దొరక్కపోతే మనిషి కారుని మడిచి జేబులో పెట్టుకున్నట్టు దిగి వెళ్లిపోతాడు. ఈ మోసం వీళ్లతో మొదలైంది కాదు. 2013లో వచ్చిన సిమ్‌సిటీ అనే ఇలాంటి ఊళ్లు కట్టే ఆటలోనూ పార్కింగులన్నీ నేల కింద ఉన్నట్టు అనుకోమన్నారు. నిజమైన కొలతలతో పెడితే ఊరంతా పార్కింగులే కనిపిస్తాయని దాని డిజైనర్లు భయపడ్డారు. ఈ రెండు మాయలూ వద్దనుకుంటే ట్రాఫిక్ మేనేజర్ అనే ఉచిత మాడ్ (ఆడేవాళ్లే తయారుచేసి ఆటకి తగిలించుకునే ముక్క) ఉంది, అందులో ఆపేసుకోవచ్చు. నేను ఆపాను. వారంలో ఊరు ఆగిపోయింది.

మూడో ఏట విజయవాడ కట్టాలని పూనుకున్నా. మ్యాప్ ఎడిటర్‌కి ఎత్తుపల్లాల నలుపు తెలుపు బొమ్మ ఒకటి ఇస్తే సుమారు 17 కిలోమీటర్ల చదరం నేల తయారుచేసి ఇస్తుంది. కృష్ణ వచ్చింది, ఇంద్రకీలాద్రి వచ్చింది, బందరు, ఏలూరు, రైవస్ కాలవలు నేనే తవ్వుకున్నా. ఆటలో నీళ్లు నిజంగా పారతాయి. బ్యారేజీకి బదులు ఆటలో ఉన్న కరెంటు ఆనకట్టే పెట్టాను. పై వైపు పొలాలు మునిగాయి, కింద నది ఎండింది. ఇంకోసారి మురుగు గొట్టం ఎగువన పెట్టి, తాగే నీటి పంపు దిగువన పెట్టా. ఊరంతా మంచాన పడింది. వెనకాల కుర్చీలో కూర్చుని చూస్తున్న నాన్న, "దీనికి ఆటెందుకురా, కాలవ గట్టు మీదకెళ్లి నిలబడితే తెలీదూ?" అన్నారు.

ఆయనే ఇంకోటి కూడా అడిగారు. "వన్‌టౌన్లో మనిల్లేదిరా?"

అక్కడ దొరికిపోయాను. మా తాతది కింద బట్టల కొట్టు, పైన ఇల్లు. ఈ ఆటలో గడికి ఒకటే రంగు. ఆకుపచ్చో, నీలమో. కింద నీలం, పైన ఆకుపచ్చ కుదరదు. అమెరికా శివార్లలో ఇళ్లొకచోట, షాపులొకచోట పెట్టే పద్ధతిని ఆట నియమంగా తీసేసుకున్నారు. సరే, సందైనా వేద్దామంటే, గడి 8 మీటర్లు, ఇళ్లు కట్టుకోనిచ్చే రోడ్లలో అన్నిటికంటే చిన్నది రెండు గళ్లు, అంటే 16 మీటర్లు. 52 అడుగులు! మా సందులో ఎదురుగా సైకిలొస్తే మనం గోడకి అతుక్కోవాలి. ఆ వెడల్పుతో వన్‌టౌన్ గీస్తే సందులే మిగిలాయి, ఇళ్లకి చోటు లేదు.

ఇది మనకొక్కళ్లకే వచ్చిన తంటా కాదు. స్టాక్‌హోమ్‌లో కొత్తగా వస్తున్న నోర్రా యూర్గోర్డ్స్‌స్టాడెన్ పేట ప్లానింగు కోసం అక్కడివాళ్లు 2016లో ఈ ఆటనే వాడి చూశారు. కొత్త పేట కాబట్టి పట్టింది. అదే ఊరి పాత పేటలో ఒక సందు ఒక చోట 90 సెంటీమీటర్లే ఉంటుంది. దాన్ని ఇందులో గీయమనండి చూద్దాం.

2022లో వచ్చిన ప్లాజాస్ అండ్ ప్రామెనేడ్స్ అనే అదనపు ప్యాకుతో బళ్లు తిరగని వీధులొచ్చాయి. బాగున్నాయి గానీ కడిగి ఆరబెట్టినట్టుంటాయి. ఆటో లేదు, ఇడ్లీ బండి లేదు, అరుగు లేదు. 2023లో వచ్చిన రెండో భాగంలో కింద కొట్టు పైన కాపురం పెట్టేశారు, పార్కింగూ పెట్టారు. స్నేహితుడి దగ్గర ఆడి చూశా. కొనాలంటే ముందు కంప్యూటర్ మార్చాలి. నా లాప్‌టాప్ 16 జీబీ ర్యామ్‌తోనే, మాడ్లు ఎక్కువైతే మొదటి భాగానికే రొప్పుతుంది.

కొనేవాళ్లు మొదటి భాగాన్ని తగ్గింపులోనే కొనండి. అదనపు ప్యాకులు గంపెడున్నాయి, అన్నీ కొంటే ఆట కంటే అవే ఖరీదు. ప్రజా రవాణా కోసం ఉన్న మాస్ ట్రాన్సిట్ ఒక్కటి చాలు. ఇళ్ల గళ్లు ఒక్కసారే బారుగా పూసేయకండి. అందరూ ఒకే వయసులో దిగుతారు, కొన్నేళ్లకి అందరూ ఒకేసారి పోతారు, శవాల బళ్లు జామ్‌లో చిక్కుకుంటాయి. కొత్త ఊరు మొదలెట్టేటప్పుడు ఎడమవైపు ట్రాఫిక్ అని ఒక గడి ఉంటుంది, అందులో టిక్కు పెట్టండి. మధ్యలో మార్చే మీట లేదు. నేను మర్చిపోయా. జనాభా 40 వేలు దాటాక నాన్న వచ్చి, "బస్సులన్నీ రాంగ్ సైడ్ పోతున్నాయేంట్రా?" అనేదాకా గమనించలేదు.