మందా, బోనా, కంత పూడ్చడమా: కొండ మీది రేడియో గదికి ఏది మేలు?

ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల కొండల మీద ఉండే రేడియో రిపీటరు (సంకేతాన్ని అందుకుని తిరిగి పంపే యంత్రం) గదుల వంటి వాటికి మనిషి వెళ్ళేది నెలకొకసారి, వానలు ముదిరి దారి తెగితే అదీ లేదు. ఎలుకలకు ఏ ఉపాయం మేలో ముందుగా ఈ సంగతిని బట్టే తేల్చుకోవాలి. పర్లాకిమిడిలో ఇంటి వంటగదికి చక్కగా పనికివచ్చిన పద్ధతి, రోజూ తలుపు తీసేవారు లేని గదిలో ఎదురుతిరగవచ్చు.

మందు చౌక, పెట్టడమూ సులువే. అయితే బ్రోమాడయోలోన్ వంటివి రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందులు కనుక, తిన్న ఎలుక అక్కడికక్కడ పడిపోక, కొన్ని రోజులు తిరిగి ఏ బ్యాటరీల వెనుకో, ర్యాకు (యంత్రాలను అమర్చే ఇనుప చట్రం) అడుగునో చస్తుంది. ఆ కళేబరాన్ని తీసే నాథుడు నెల తరువాత గాని రాడు. ఆ ఎలుకను తిన్న గుడ్లగూబకూ విషం ఎక్కుతుంది. జీతం లేని కాపలాదారును మనమే చంపుకోవడమన్న మాట.

స్ప్రింగు బోను ఒక్క ఎలుకను పట్టి ఊరుకుంటుంది. ప్రాణంతో పట్టే కమ్మీల బోనును ఇటువంటి గదిలో పెట్టడం, ఆ జీవిని ఆకలిదప్పులతో చంపడమే కనుక, నేను ఒప్పుకోను. ఇక చెవికి వినబడని శబ్దంతో ఎలుకలను తరిమే యంత్రాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: ఆ శబ్దం ర్యాకులను దాటి పోదు, ఎలుకలు దానికి త్వరలోనే అలవాటు పడతాయి, సోలారు మీద నడిచే చోట అది కరెంటు దండుగ.

మిగిలింది కంతలు పూడ్చడం. శ్రమ ఎక్కువైనా నా తూకంలో మొగ్గు దీనివైపే. పెన్సిలు దూరే సందు, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు, చిట్టెలుకకు చాలు. అందుచేత చేతిలో పెన్సిలుతోనే గది చుట్టూ తిరగాలి. కేబుళ్ళు లోపలికి వచ్చే రంధ్రం, తలుపు అడుగు, గాలి కిటికీ ముఖ్యమైన చోట్లు. ఒట్టి ఫోమును ఎలుక కొరికి పారేస్తుంది. ఇనుప పీచును కొరకలేదు గాని, అది ఈ కొండల వానకు తుప్పు పట్టి రాలిపోతుంది. రాలిన పోగులు బ్యాటరీల మీద పడితే షార్టు అయ్యే ప్రమాదమూ ఉంది. రాగి జాలీని రంధ్రంలో గట్టిగా కూరి పైన సీలెంటు (సందులు మూసే ముద్ద) పూయడం దానికన్నా మేలు, అయితే రాగి కూడా కరెంటు పారే లోహమే కనుక పోగులు లోపలికి వేలాడకుండా చూడాలి. గాలి కిటికీకి 6 మిల్లీమీటర్లకన్నా చిన్న కన్నాల గాల్వనైజ్డ్ (జింకు పూత పూసిన ఇనుప) జాలీ వేయాలి. నైలాను దోమతెర ఎలుక పళ్ళకు నిలవదు. తలుపు అడుగున రేకు పట్టీ బిగిస్తే పాములకూ అడ్డు. ఎలుక ఉన్న చోటికి కట్లపాము రావడం కొత్తేమీ కాదు, తలుపు తీసేది మన మనిషే.

ఈ పనిని ఖరీఫ్ వరి కోతలకు ముందే ముగించాలి, ఎందుకంటే పొలం ఖాళీ అయ్యాక ఎలుక వెచ్చని గదిని వెతుక్కుంటుంది. లోపల ఒక ఎలుక ఉండగా పూడిస్తే అది బయటపడడానికి కేబుళ్ళనే కొరుకుతుంది. కాబట్టి పూడ్చిన రోజునే రెండు స్ప్రింగు బోనులు లోపల పెట్టాలి. బోనుకు అసలైన ఉపయోగం ఇక్కడే. కొత్త కేబులు లాగినప్పుడు పాత పూత పగిలి అలాగే మిగిలిపోతూ ఉంటుంది కనుక, కొంత రాగి జాలీ, ఒక సీలెంటు గొట్టం సంచిలో కట్టి తలుపు పక్కనే తగిలించి ఉంచాలి.