యుసేబియోనా, పౌలేటానా?

క్రిస్టియానో రొనాల్డో రికార్డు బద్దలు కొట్టకముందు పోర్చుగల్ ఫుట్‌బాల్ జట్టు తరఫున ఎక్కువ గోల్స్ ఎవరివంటే, చాలామంది యుసేబియో అనేస్తారు. లెక్క ప్రకారం అది పౌలేటా. యుసేబియో 64 మ్యాచ్‌ల్లో 41 కొట్టాడు. పౌలేటా 88 మ్యాచ్‌ల్లో 47 కొట్టి, 2005లో ఆ రికార్డు దాటాడు. సగటు చూస్తే మాత్రం పెద్దాయనదే పైచేయి.

యుసేబియో మొజాంబిక్‌లో పుట్టి, లిస్బన్ చేరి అక్కడి బెన్ఫికా క్లబ్‌కు ప్రాణమయ్యాడు. యూరప్ క్లబ్బుల టోర్నీ అయిన యూరోపియన్ కప్ 1962 ఫైనల్లో రియల్ మాడ్రిడ్‌పై రెండు గోల్స్, 1965లో యూరప్ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ అవార్డు. 1966 ప్రపంచకప్‌లో ఉత్తర కొరియా 3-0తో ముందుంటే ఒక్కడే నాలుగు కొట్టాడు, మ్యాచ్ 5-3తో గెలిచారు. ఆ టోర్నీలో మొత్తం తొమ్మిది.

పౌలేటాది వేరే దారి. పోర్చుగల్‌కే చెందిన అజోరెస్ దీవుల కుర్రాడు, పోర్చుగల్ ఫస్ట్ డివిజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు! ఆడిన క్లబ్బులు స్పెయిన్‌లో సలమాంకా, డిపోర్టివో, తర్వాత ఫ్రాన్స్‌లో బోర్డో, పారిస్ సెయింట్ జెర్మైన్. పారిస్‌కు 109 గోల్స్. స్వీడన్ ఫార్వర్డ్ ఇబ్రహిమోవిచ్ దాటేదాకా అది క్లబ్ రికార్డే. 2002 ప్రపంచకప్‌లో పోలండ్‌పై హ్యాట్రిక్ ఉంది కానీ, సొంతగడ్డపై జరిగిన 2004 యూరో (యూరప్ దేశాల టోర్నీ)లో ఒక్క గోలూ లేదు. అక్కడే అభిమానుల మనసులో వెనకబడ్డాడు.

పెనాల్టీ బాక్స్‌లో అరక్షణం దొరికితే చాలనుకునే ఫార్వర్డ్ కావాలంటే నేను పౌలేటానే తీసుకుంటా. ఓడిపోతున్న మ్యాచ్‌ను ఒంటిచేత్తో తిప్పాలంటే యుసేబియోనే, అందులో చర్చే లేదు.