అర్జునా, జెస్సీ ఓవెన్సా: మన అథ్లెట్లకి ఏ పద్ధతి మేలు?

అథ్లెటిక్స్‌లో ఏడాదంతా దుమ్ము రేపినవాళ్లకి దేశం తరఫున అవార్డు ఇవ్వాలంటే ఎలా ఇవ్వాలి? మనది ఒక పద్ధతి, అమెరికావాళ్లది ఇంకో పద్ధతి. మన దగ్గర ట్రాక్ అండ్ ఫీల్డ్ వాళ్లు మిగతా అన్ని ఆటలవాళ్లతో కలిసి అర్జున కోసం లైన్లో నిలబడాలి. అమెరికాలో మాత్రం వాళ్ల అథ్లెటిక్స్ ఫెడరేషనే 1981 నుంచి పాత తరం పరుగు వీరుడు జెస్సీ ఓవెన్స్ పేరు మీద అవార్డు ఇస్తోంది, అది కేవలం వీళ్లకే, ఏటా. 1996 నుంచి మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి ఇస్తున్నారు, ఆడవాళ్లదానికి తర్వాత వాళ్ల మాజీ అథ్లెట్ జాకీ జాయ్నర్ కెర్సీ పేరు పెట్టారు.

డబ్బు సంగతి ముందే తేల్చేద్దాం, ఎందుకంటే అక్కడ వాదించడానికి ఏమీ లేదు. అర్జునకి 2020 నుంచి 15 లక్షలు, దానికంటే పై మెట్టు ఖేల్‌రత్నకి 25 లక్షలు. పైగా రాష్ట్రపతి చేతుల మీదుగా తీసుకోవడం, రైల్వే పాసు, ఊళ్లో పరువు. విశాఖలో సెక్యూరిటీ గార్డు కూతురిగా పెరిగిన హర్డిల్స్ రన్నర్ జ్యోతి యర్రాజీకైనా, వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన పారా అథ్లెట్ దీప్తి జీవాంజికైనా అది చిన్న విషయం కాదు. ఇద్దరికీ 2024 అర్జునలు వచ్చాయి, 2025 జనవరి 17న రాష్ట్రపతి భవన్లో అందుకున్నారు. కాబట్టి అర్జున తీసేయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నా పేచీ కొలతతో. అర్జునకి ప్రధానంగా చూసేది గత నాలుగేళ్ల పతకాలు, ఏ పోటీలో ఏ రంగు పతకమొచ్చింది అన్నది. కుస్తీకో బాక్సింగ్‌కో అది సరిపోతుందేమో. కానీ అథ్లెటిక్స్ అనేది సెకనులో వందో వంతు మీద బతికే ఆట. జ్యోతి సంగతే చూడండి. 2020లో కర్ణాటకలోని మూడబిద్రిలో 13.03 సెకన్లలో 100 మీటర్ల హర్డిల్స్ (అడ్డుకర్రలు దూకుతూ పరిగెత్తే పోటీ) పూర్తి చేస్తే, అక్కడ డోప్ టెస్టు జరగలేదని జాతీయ రికార్డుగా లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్లో కోజికోడ్‌లో 13.09 వచ్చింది, ఈసారి వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు, అనుమతించేది 2.0, కాబట్టి అదీ పోయింది. తర్వాతి నెల సైప్రస్‌లో 13.23 పరిగెత్తాకే అనూరాధా బిస్వాల్ పేరు మీద 2002 నుంచి ఉన్న 13.38 చెరిగింది. అంటే ముందు రెండుసార్లు ఇంకా వేగంగా పరిగెత్తి కూడా రికార్డు దక్కలేదు! గాలిని కూడా 0.1 తేడాతో పట్టుకునే ఆట ఇది. అలాంటి ఆటకి అవార్డు ఇచ్చేటప్పుడు మాత్రం టైమింగ్ పక్కన పెట్టి పతకం రంగు చూస్తాం.

ఆ తర్వాతిది ఇంకా తమాషా. 2023 ఆగస్టులో చెంగ్డూలో జరిగిన వరల్డ్ యూనివర్సిటీ గేమ్స్‌లో ఆమె 12.78 పరిగెత్తింది, జాతీయ రికార్డు, వచ్చింది కాంస్యం. రెండు నెలలు తిరక్కుండానే హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో 12.91, వచ్చింది రజతం. నెమ్మదిగా పరిగెత్తిన రేసుకి పెద్ద పతకం, వేగంగా పరిగెత్తిన రేసుకి చిన్న పతకం. ఏషియన్ గేమ్స్ ఒత్తిడి వేరు, అది నాకూ తెలుసు, రజతాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆ ఏడాది ఆమె చేసిన గొప్ప పని ఏదని హర్డిల్స్ తెలిసినవాణ్ని అడిగితే 12.78 అనే చెప్తాడు.

అమెరికా పద్ధతి ఇక్కడే నాకు నచ్చుతుంది. 1981లో మొదటి జెస్సీ ఓవెన్స్ అవార్డు ఎడ్విన్ మోజెస్‌కి ఇచ్చారు. ఆ ఏడాది ఒలింపిక్స్ లేవు, అంతకుముందు ఏడాది మాస్కోని వాళ్లు బహిష్కరించారు, మొదటి వరల్డ్ చాంపియన్‌షిప్స్ హెల్సింకిలో జరగడానికి ఇంకా రెండేళ్లుంది. అయినా 400 మీటర్ల హర్డిల్స్‌లో ఆయన్ని ఓడించే మొనగాడు లేడని ట్రాక్ చుట్టూ ఉన్న ప్రతివాడికీ తెలుసు (1977లో మొదలైన ఆ జైత్రయాత్ర 1987 దాకా, 122 రేసులు నడిచింది). ఆట తెలిసినవాళ్లు సీజన్ మొత్తం చూసి చెప్పిన తీర్పు అది.

రెండో తేడా, అర్జున జీవితంలో ఒక్కసారే. నీరజ్ చోప్రాకి 2018లో వచ్చింది, టోక్యో స్వర్ణం తర్వాత 2021లో ఖేల్‌రత్న వచ్చింది, ఇక అక్కడితో సరి. జ్యోతి 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమీలో 12.96తో ఆసియా చాంపియన్‌షిప్స్ స్వర్ణం నిలబెట్టుకుంది, వాన వల్ల ఖాళీగా ఉన్న స్టేడియంలో. దానికి ఏ అవార్డు? అర్జున అయిపోయింది, ఖేల్‌రత్న కావాలంటే ఒలింపిక్స్ స్థాయిలో ఏదో జరగాలి. మధ్యలో మెట్టే లేదు. అమెరికాలో అయితే వాళ్ల ఫెడరేషన్ అవార్డు రన్నర్ అలిసన్ ఫీలిక్స్ ఐదుసార్లు అందుకుంది, స్ప్రింటర్, లాంగ్‌జంపర్ కార్ల్ లూయిస్ 1982లో ఒకసారి, 1991లో మరోసారి. తొమ్మిదేళ్ల తేడాతో రెండోసారి రావడం అంటేనే ఒక కథ కదా, ఆ కథ చెప్పే వీలు అర్జునకి లేదు.

ఇక అన్ని ఆటలూ ఒకే గాటన కట్టడం. 2024 జాబితాలో అర్జునలు మొత్తం 32, అందులో 17 పారా క్రీడాకారులకి. పారా వాళ్లని పక్కన పెడితే అథ్లెటిక్స్‌కి దక్కినవి రెండు: జ్యోతి, జావెలిన్‌లో అన్ను రాణి. హాకీకి ఐదు. ప్యారిస్‌లో హాకీ జట్టు కాంస్యం తెచ్చింది కాబట్టి కాదనలేం. అథ్లెటిక్స్ అంటే ఒక ఆట కాదండీ, పరుగు, నడక, దూకుడు, విసురుడు అన్నీ కలిపి పాతిక దాకా పోటీలు, మగవాళ్లకి వేరు, ఆడవాళ్లకి వేరు. వాటన్నిటికీ ఇద్దరు.

పోలిక కుదరని చోట గొడవలు తప్పవు. 2015లో సానియా మీర్జాకి ఖేల్‌రత్న ఇస్తే, లండన్ పారాలింపిక్స్ హైజంప్‌లో రజతం గెలిచిన గిరీశ కర్ణాటక హైకోర్టుకి వెళ్లాడు, పతకాలకి వేసే పాయింట్ల లెక్కలో తనే ముందున్నానని. ఎవరిది న్యాయం అని నన్నడిగితే చెప్పలేను, ఎందుకంటే టెన్నిస్ డబుల్స్‌నీ హైజంప్‌నీ ఒకే తక్కెడలో పెట్టే లెక్క ఎవరికీ తెలియదు. అన్నిటికంటే నాకు చిరాకు పుట్టించేది దరఖాస్తు. దేశమంతా చూసిన ఘనతకి అప్లికేషన్ ఎందుకు? 2024లో షూటర్ మను భాకర్ పేరు మొదట ఖేల్‌రత్న జాబితాలో లేదని వార్తలొచ్చి, నామినేషన్ పోర్టల్‌లో వేశారా లేదా అని దేశమంతా చర్చించుకుంది. ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు తెచ్చిన అమ్మాయి గురించి! మిల్ఖా సింగ్‌ది ఇంకో రకం. రోమ్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం 1960లో, అర్జున పుట్టింది 1961లో, ఆయనకి ఇస్తామన్నది 2001లో. వద్దన్నారు. నలభై ఏళ్ల తర్వాత ఎవరైనా అదే అంటారు.

అలాగని ఓట్లేసి మేటిని ఎంచుకునే విదేశీ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టమని నేను చెప్పడం లేదు. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య వరల్డ్ అథ్లెటిక్స్ వాళ్ల ఏడాది మేటి అథ్లెట్ ఎంపికలో అభిమానుల ఆన్‌లైన్ ఓట్లకి కూడా వాటా ఉంటుంది. మన దగ్గర అభిమానులకి ఓటు ఇస్తే ఫలితం జనవరిలోనే చెప్పేయొచ్చు, ప్రతి ఏడాదీ నీరజే. అతని తప్పేం లేదు, కానీ 5000 మీటర్లలో ఇండోర్‌లో 13 నిమిషాల లోపు పరిగెత్తిన మొదటి భారతీయుడు గుల్వీర్ సింగ్ (2025 ఫిబ్రవరి, బోస్టన్, 12:59.77) పేరు మన వీధిలో ఎంతమందికి తెలుసు? ట్రిపుల్ జంప్, నడక వాళ్ల గతి చెప్పక్కర్లేదు. ఇంకో భయం డోపింగ్. డిసెంబర్లో అవార్డు ఇచ్చి మార్చిలో వెనక్కి తీసుకోవాల్సి వస్తే పరువు పోతుంది. ఈ విషయంలో నాలుగేళ్లు చూసి ఇచ్చే అర్జున నిదానమే కాస్త నయం.

నా ఓటు అయితే ఇలా: అర్జున అలాగే ఉండాలి, దరఖాస్తు మాత్రం పోవాలి. దాని పక్కన ఫెడరేషనే అథ్లెటిక్స్‌కి విడిగా ఏటా రెండు అవార్డులు పెట్టాలి, ఎన్నిసార్లయినా గెలవచ్చు, డబ్బు తక్కువైనా ఫర్వాలేదు. వేర్వేరు ఈవెంట్లని పోల్చడానికి వరల్డ్ అథ్లెటిక్స్ స్కోరింగ్ టేబుల్స్ ఎలాగూ ఉన్నాయి, హర్డిల్స్ టైమింగ్‌నీ జావెలిన్ దూరాన్నీ పాయింట్లలోకి మారుస్తాయి. వాటితో ఐదుగురిని వడకట్టి, చివరి మాట మాజీ అథ్లెట్లు, కోచ్‌లు, ఏడాదంతా మీట్‌లు తిరిగే విలేకరులకి వదిలేస్తే చాలు. ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో కూడా బయట పెట్టాలి, లేకపోతే మళ్లీ కోర్టే.